శెట్టిగారి బల్ల అంచు

పోయిన నెల చాపాడు దారిలో కొత్తగా పెట్టిన ఒక ఫర్నిచర్ కార్ఖానా చూడటానికి వెళ్ళాను. దాని యజమాని హుసేను ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. లెక్కల్లో మహా మొద్దు. ఇప్పుడు నాలుగు జిల్లాలకు బీరువాలు పంపుతున్నాడు. షెడ్డులో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక యంత్రం గురగురమంటూ ఉంది. ఒక వైపు కోసిన చెక్క పెడితే, రెండో వైపు అంచుకు పట్టీ అతుక్కుని బయటికి వస్తోంది. "దీన్ని ఎడ్జ్ బ్యాండింగ్ అంటారు మేడమ్" అన్నాడు హుసేను, నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు. నేను నవ్వి ఊరుకున్నాను. ఒక మూల గోడకు చేరేసిన పలకలు కనిపించి, అవేమిటని అడిగితే మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అవి తప్పిపోయినవి మేడమ్. బంక వేడి తగ్గినా పట్టీ లేస్తాది, ఎక్కువైనా లేస్తాది, చెక్క మీద దుమ్మున్నా లేస్తాది. రోజూ కొన్ని ఇట్ల పోతానే ఉంటాయి."

నేను వంగి, కొంగు చివర వేళ్ళకు చుట్టుకుని, ఒక పలక అంచు వెంబడి మెల్లగా లాగాను. మూల దగ్గర దారం పట్టుకుంది. "ఇదిగో, ఇక్కడ నోరు తెరిచింది" అన్నాను. యంత్రం దగ్గర పనిచేస్తున్న అమ్మాయి "అయ్యో, చీర పాడైపోతాది మేడమ్" అని నవ్వింది. హుసేను నవ్వలేదు. "మీకెట్ల తెలుసు మేడమ్ ఇది?" అని అడిగాడు. పంతులమ్మగా పనిచేసినన్ని ఏళ్ళూ ఎవరేం అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పినదాన్ని, ఆ ప్రశ్నకు అక్కడ నిలబడి చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి ఇలా రాస్తున్నాను.

మాది వడ్రంగం ఇల్లు. మా తాతల తరంలో దొరల మిషనులో చేరి, క్రీస్తుతో పాటు ఉలినీ రంపాన్నీ కూడా అందుకున్నవాళ్ళం. మా నాయన యాకోబు మేస్త్రి అంటే ప్రొద్దుటూరులోనే కాదు, అటు జమ్మలమడుగు, ఇటు పులివెందుల, తొండూరు దాకా తెలుసు. ఇంట్లో ముందు సగం ఆయన పని, వెనక సగం మా సంసారం. రెండింటి మధ్యా గోడ ఉండేది గానీ దాని మాట ఎవరూ వినేవారు కాదు. సంగటి ముద్దలో టేకు పొట్టు తగిలేది. నాయన చొక్కాలో ఊరిబిండి పచ్చడి వాసన వచ్చేది. తెల్లబంక పులిసిన వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె పొగ, వార్నీషు ఘాటు, వీటన్నిటి మధ్య పొద్దున్నే మా అమ్మ ఎస్తేరమ్మ కీర్తన చదువుతుంటే నాయన బంక కలుపుతూనే ప్రార్థనలో ఉండేవాడు. బంక ఉండకట్టకుండా చూసుకోవడంలో పడి ఆమెన్ ఎప్పుడూ ఆలస్యంగా చెప్పేవాడు. అమ్మ కళ్ళు మూసుకునే ఆయన ఆమెన్ కోసం కాచుకుని ఉండేది. దేవుడు కూడా మా ఇంట్లో కాసేపు ఆగాల్సి వచ్చేది.

అప్పుడప్పుడే మా వైపు ప్లైవుడ్డు, మైకా షీట్లు దిగుతున్నాయి. దుంగ కోసి చేసే బల్లకు అంచు బాధ లేదు, అది నిలువునా చెక్కే. అతుకుల చెక్కకు మాత్రం పైన ఎంత నునుపుగా మైకా అంటించినా, కోసిన వైపు లోపలి పొరలన్నీ బయటికి కనిపిస్తాయి. ఆ కోత కప్పడానికి సన్నని టేకు పట్టీ అంటించాలి. ఆ పని మా ఇంట్లో ఆడవాళ్ళది. నేను, అమ్మ ఎదురెదురుగా కూర్చుని పట్టీ పరిచి, పైన తడి పిండిన గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టెతో అదిమి, చల్లారేదాకా చేత్తో పట్టుకునేవాళ్ళం. చదువుకునే పిల్లను, వేళ్ళు కాలి కలం పట్టుకోలేకపోతున్నానని గునిస్తే, "కలం యాడికి పోతాదిలే, పట్టీ పోతాది" అనేది అమ్మ. అంచు తప్పులకు ఆమె పెట్టిన పేర్లు మా ఇంటి భాష. చివర లేస్తే నోరు తెరవడం. మధ్యలో గాలి చిక్కితే పొక్కు. పట్టీకీ మైకాకీ నడుమ సందు పడి మురికి చేరితే కాటుక. నోరు తెరిచినదాన్ని వేడి చేసి మళ్ళీ అదమాలి. పొక్కును బ్లేడుతో చీల్చి, సందులో బంక నింపాలి. కాటుక పడిందంటే మొత్తం ఊడదీసి, పాత బంక గీకి, మొదటికి రావాల్సిందే. అన్నీ అయ్యాక అమ్మ కొంగు చివర అంచు వెంబడి లాగేది. దారం ఎక్కడా పట్టుకోకపోతేనే ఆ బల్ల గడప దాటేది. అప్పటిదాకా నాయన నోట "అయిపోయింది" అనే మాట రాదు.

ఆ పరీక్ష ఊరికే పుట్టలేదు. మా ఊరు బట్టల ఊరు. బల్ల మీద పట్టుచీర పరిచి, మడత విప్పి, అటూ ఇటూ లాగి చూపిస్తే గానీ బేరం కాదు. ఆ లాగడంలో వెంట్రుకంత అంచు లేచి ఉన్నా దారం పట్టి లాగేస్తుంది. పెళ్ళి చీర దారం లేచిందంటే ఆ కొట్టుకు ఆ కుటుంబం మళ్ళీ రాదు. అందుకే బల్లలు చేయించుకునే శెట్లందరూ నాయన దగ్గరికే వచ్చేవారు.

ఇక ఆ కాలం సంగతి. మనిషిని పేరు అడగకముందు పార్టీ అడిగే రోజులవి. ఏ హోటల్లో టీ తాగాడు, ఏ డాక్టరు దగ్గర సూది వేయించుకున్నాడు, ఎవరి పెళ్ళికి పోయి ఎవరి పెళ్ళికి పోలేదు, వీటిని బట్టి మనిషిని ఏదో ఒక గట్టున వేసేసేవారు. జీపులు బర్రుమంటూ పోతే దుకాణాల తలుపులు వాటంతట అవే మూతపడేవి. అలాంటి రోజుల్లో నాయన రెండు వర్గాల ఇళ్ళకూ పనికి పోయేవాడు. పనిముట్ల పెట్టె మూత తీసి, లోపల ఉన్నవి అందరికీ కనపడేటట్టు భుజాన పెట్టుకుని నడిచేవాడు. ఎవరైనా ఆపి అడిగితే "నేను బల్లల మనిషినప్పా" అనేవాడు. నాయకుల ఇళ్ళలో బల్లల అంచులు ఎక్కడెక్కడ లేస్తాయో ఆయనకు చూడకముందే తెలుసు. పంచాయితీకి వచ్చి తన వంతు కోసం కూర్చున్నవాడి గోరు ఊరికే ఉండదు. బల్ల అంచు కింద దూరి గీకుతూనే ఉంటుంది. అలా పీకిన అంచులు సరిచేసి ఇంటికొచ్చి, "ఈసారి మల్లా శానా పీకినారు. పాపం, ఎవురికి యా కష్టమొచ్చిందో" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పేవాడు కాదు. ఎవరింట్లో విన్నది వాళ్ళ వాకిట్లోనే దులుపుకుని వచ్చేవాడు.

సుబ్బయ్య శెట్టిగారి బట్టల కొట్టుకు కొత్త బల్లలు చేసింది మేమే. బజారు మొత్తంలో మైకా వేసిన మొదటి బల్లలవి. ప్రారంభం రోజు జనం చీరలు చూడటం మానేసి బల్లలు తడిమి చూశారు. శెట్టిగారు నాయనకు నలుగురిలో పంచె పెట్టాడు. ఆ పంచె నాయన కట్టుకోలేదు. అమ్మ పెట్టెలో పెడితే, పండగలకు తీసి చూసుకునేవాడు.

ఎండలు ముదిరేసరికి మొదటి కబురు వచ్చింది. బజారు వైపు, కొనేవాళ్ళు నిలబడే వైపు, అంచు నోరు తెరిచిందని. నాయన వెళ్ళి అంటించి వచ్చాడు. కొన్నాళ్ళకు మళ్ళీ లేచింది. ఈసారి ఒకరి పెళ్ళి చీర చెంగు దగ్గర దారం పోయింది. నాయన పట్టీ ఊడదీసి చూస్తే లోపల బంక పచ్చబడి ఉంది. బంక కల్తీదని అనుకుని, కొత్త డబ్బా తెచ్చి మళ్ళీ అంటించాడు. అదీ లేచింది. మా ఇంట్లో ఎన్నో బల్లలు తయారయ్యాయి గానీ మూడోసారి వెనక్కి పిలిపించుకున్న బల్ల లేదు. నాయన అన్నం ముందు కూర్చుని, చేత్తో కంచం అంచు తడుముతూ ఉండిపోయేవాడు.

సరిగ్గా ఆ మధ్యే ఆయన జమ్మలమడుగు పక్క పల్లెలో అవతలి వర్గం నాయకుని ఇంట పెద్ద బల్ల చేసి వచ్చాడు. శెట్టిగారేమో ఇవతలి వర్గానికి చందాలిచ్చే మనిషి. ఇంకేముంది, చిలికి చిలికి గాలివాన అయింది. ఆ బల్ల లేవలేదు, ఈ బల్ల ఎందుకు లేచింది? అక్కడ మంచి బంక వేసి ఇక్కడ చెడ్డ బంక వేశాడా? వేయమని చెప్పిందెవరు? పెళ్ళిళ్ళ కాలంలో శెట్టి వ్యాపారం పడగొడితే లాభమెవరికి? బజారులో ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు సిద్ధంగా ఉన్నాయి. బల్ల అంచు లేస్తే ఎండ వల్లనో తడి వల్లనో అనుకోవడం వేరే ఊళ్ళ పద్ధతి. మా ఊళ్ళో అది పార్టీ వల్ల లేవాలి.

ఒకరోజు మధ్యాహ్నం ఓబులన్న జీపు మా ఇంటి ముందు ఆగింది. ఇవతలి నాయకునికి కుడిభుజం లాంటి మనిషి. వచ్చి, నాయన చెక్కుతున్న పలక మీదే కూర్చున్నాడు. నేను, అమ్మ తలుపు వెనక నిలబడ్డాం.

"మేస్త్రీ, నీ మీద మాకేం కోపం ల్యా" అన్నాడు. "శెట్టి మనోడు. మనోని బల్ల పాడైతే ఊరు ఏమనుకుంటాది? రేపు శుక్రవారం పొద్దున కొట్టు కాడికి రా. నలుగురి ముందర ఒక మాట చెప్పు. నేను మీ మనిషిని, ఇంక ఆ పక్క పనికి పోనని. అంతే. నిన్ను మల్ల ఎవురూ అడగరు."

"మరి బల్ల సంగతన్నా?"

"బల్లదేముందిలే, ఇంగోటి చేయిచ్చుకుంటాడు."

"చేసిన తప్పేందో తెలీకుండా ఒప్పుకోమంటాండావా?"

"తప్పు ఒప్పుకోమనలా మేస్త్రీ. పార్టీ చెప్పమంటాండా." ఓబులన్న లేచి పంచె దులుపుకున్నాడు. "చెప్పకపోతే మాత్రం ఆ పెట్టె ఎత్తుకోని నువ్వు యా బస్సూ ఎక్కలేవు. కొట్టు గడప కూడా తొక్కొద్దు, రేపటిదాంక."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మీ మనిషినని చెబితే జమ్మలమడుగు దారిలో నాయన ప్రాణానికి పూచీ లేదు. చెప్పకపోతే ప్రొద్దుటూరులో లేదు. రెండు దారులూ తెరిచి ఉంటేనే మా పొయ్యి వెలిగేది. ఆ లెక్క నాకూ తెలుసు. కానీ నాయన మొహం చూస్తే ఆయన భయపడుతున్నది దానికి కాదనిపించింది. కొనుక్కున్నవాడికి చెడ్డ పని చేసి పెట్టాడన్న మాట ఆయన మీద పడింది. అది ఆయన మింగలేకపోతున్నాడు.

"నువ్వు గడప తొక్కద్దన్నారు గానీ నన్ను అనలా" అంది అమ్మ. ఇస్త్రీపెట్టె, సబ్బు, చిన్న గిన్నె, పాత గుడ్డలు బుట్టలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని అప్పుడే బయలుదేరింది. శెట్టిగారు మమ్మల్ని చూసి ఇబ్బందిపడ్డాడు గానీ మంచివాడు, పొమ్మనలేదు. "వచ్చినారు గదా, చూసుకోండమ్మా" అని లెక్కల్లో తల దూర్చాడు. బల్ల లోపలి పక్కన, చిన్న పీట మీద ఆయన తల్లి కనకమ్మవ్వ కూర్చుని ఆకువక్క దంచుకుంటోంది. నేను బల్ల కిందికి దూరి వెల్లకిలా పడుకుని, లేచిన పట్టీ మెల్లగా పీకాను. లోపల నాయన చెప్పిన పచ్చ బంక కనిపించింది. ఎండిన బంక మెత్తబడాలంటే గోరువెచ్చని సబ్బునీళ్ళతో రుద్దాలి. రుద్దాను. గుడ్డ తీసి చూస్తే ఎర్రగా ఉంది.

ఆ రోజుల్లో ఎరుపు చూస్తే ముందు ఒకటే గుర్తొచ్చేది. చెయ్యి తెగిందనుకుని కెవ్వుమన్నాను. అమ్మ గుడ్డ లాక్కుని చూసింది, వాసన చూసింది. "నోర్ముయ్. రక్తం కాదు. పసుపు" అంది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని బట్టలుతికే ఏ ఆడదానికైనా తెలుసు. ఆ పట్టీ ఊడదీసి చూసినా నాయనకు తెలియకపోవడానికి కారణం ఆయన ఎప్పుడూ బట్టలుతకకపోవడమే. అవతల దంపుడు చప్పుడు ఆగిపోయింది. తల పైకెత్తి చూస్తే కనకమ్మవ్వ మా చేతిలో గుడ్డకేసే చూస్తోంది.

"అవ్వా" అంది అమ్మ గొంతు తగ్గించి, "శుక్రవారం శుక్రవారం పూస్తాండారా?"

"మెల్లిగా మాట్లాడు తల్లీ. మావోడు వింటే నన్ను కొట్లోకి రానీడు." అవ్వ కొడుకు వైపు ఒకసారి చూసింది. "పాత బల్లకు పైనే పూసేదాన్ని. ఎవురిదో పట్టుచీరకు అంటిందని వద్దన్నాడు. లచ్చిందేవి వచ్చే పక్క, పసుపు ల్యాకుండా బోసిగా ఎట్లుంచేది చెప్పు? అందుకే తెల్లారకముందే వచ్చి కింద పూసి పోతాండా. ఎవురికీ కనపడదు గదా."

"తడిగుడ్డతో తుడిచి పూస్తారా?"

"ఏందే ఆ మాట! పాతది కడక్కుండా కొత్తది పూస్తారా ఎవురైనా?"

సంగతి మా ఇద్దరికీ అర్థమైంది. బల్ల అడుగున మైకా ఉండదు, పట్టీ కింది కొస పచ్చి చెక్కను ఆనుకుని ఉంటుంది. ప్రతి శుక్రవారం ఆ సందులోంచి చెక్క నీళ్ళు తాగుతోంది. తాగి ఉబ్బుతోంది, ఎండకు ముడుచుకుంటోంది. ఆ బంకకు నీళ్ళంటే పడదు. మూడుసార్లు కాదు, ముప్పైసార్లు అంటించినా నిలవదు. ఇంకో అనుమానం కూడా నా మనసులో మెదిలింది. మా చేతులు పడ్డ బల్ల కాబట్టి పసుపునీళ్ళతో శుద్ధి చేసుకుంటోందేమోనని. ఆ మాట ఆమెను అప్పుడు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. ఈ రోజుకీ నాకు తెలియదు.

నేను లేచి శెట్టిగారి దగ్గరికి పోబోయాను. అమ్మ నా జడ పట్టుకుని ఆపింది. "ముందు మీ నాయనకు చెప్పల్ల" అంది.

ఇంటికొచ్చి చెబితే నాయన మొహం వెలిగింది. అన్ని రోజుల తర్వాత ఆ వెలుగు చూశాను. "పసుపా! పచ్చ బంక అనుకున్యానే!" అని తొడ చరుచుకుని నవ్వాడు. నేను "పోయి ఇప్పుడే ఓబులన్నకు చెబుదాం" అన్నాను. నవ్వు ఆగిపోయింది.

"ఏమని చెప్పేది? ముసలామె కొడుక్కు తెలీకుండా చేసుకునే పూజను పార్టీవోళ్ళ ముందర పెట్టి, నేను బయటపడేదా?"

"మీరు చెప్పకపోతే మీ పేరు పోతుంది నాయనా!"

"పేరు అంచుతో పోయింది. అంచుతోనే రావల్ల. బల్ల యా ఇంటికి పోతాందో, ఆ ఇంటోళ్ళు దాన్ని ఏం చేసుకుంటారో అడిగి చేయాల్సినోన్ని నేను. శెట్ల ఇండ్లల్లో గడపకు పసుపు పూస్తారని నాకు తెలీదా? అడగలా. పసుపు పూస్తే నిలవని అంచు శెట్టి కొట్లో పెట్టింది నేను. తప్పు నాదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. చదువుకుంటున్నదాన్ని, నిజం అనేది దొరకగానే నలుగురిలో పెట్టాలని నమ్మేదాన్ని. రోషంతో సంగటి తినలేదు. నాయన మాత్రం నిబ్బరంగా మంచి టేకు కొయ్య తీసి, వేలంత మందాన పట్టీలు కోశాడు. వాటి అంచున నాలుకలాంటి కొస తీసి, బల్లలో గాడి కొట్టి దిగేసేటట్టు గుర్తులు పెట్టుకున్నాడు. ఇది సన్నని పట్టీ కాదు, నిఖార్సైన కొయ్య. బంక మీద ఆధారపడదు. అమ్మ, నేను అవిసె నూనె వేడి చేసి పూశాం. కొయ్య తాగినంత పూశాం, ఇంక తాగనన్నదాకా. రాత్రి పొద్దుపోయాక గానీ పని ముగియలేదు. నాయన ఆ పూట అన్నం తిన్నాడు.

ఇప్పుడు హుసేను కార్ఖానాలో వాడే బంక నీళ్ళకు బెదరదు. ఆ అంచుకు పసుపు కాదు, పంపు కింద పెట్టినా ఏమీ కాదంటాడు. నిజమే, మా అంచుల కంటే వాళ్ళవి నునుపు, మా చేతుల్లా వాళ్ళ చేతులు కాలవు. ఆ యంత్రం ముందు నిలబడి నేను కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం కాదు. ఆ అమ్మాయి సాయంత్రం ఒంటరిగా బస్సెక్కి చాపాడు పోతుంది, ఆమె ఏ గట్టు మనిషని దారిలో ఎవరూ అడగరు. నాకు అంతకన్నా ఏం కావాలి? కాకపోతే ఆ బల్ల ఎవరింటికి పోతుందో, వాళ్ళు దాని మీద పిండి పిసుకుతారో, పసిబిడ్డకు నీళ్ళు పోస్తారో హుసేనుకు తెలియదు. తెలుసుకోవాల్సిన పని లేదు. మా నాయన మాత్రం ఆ శుక్రవారం నుంచి ఏ బల్ల ఒప్పుకున్నా ముందు కూర్చుని, "దీంతో మీరు ఏం చేసుకుంటారో చెప్పండి" అని అడిగి, తీరిగ్గా విని, ఆ తర్వాతే కొలత తీసేవాడు.

శుక్రవారం పొద్దున ముగ్గురం పట్టీలు మోసుకుని వెళ్ళాం. కొట్టు ముందు జనం చేరి ఉన్నారు. ఓబులన్న కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. శెట్టిగారు నేలచూపులు చూస్తున్నాడు. నాయన గడప బయటే ఆగి, పట్టీలు గోడకు ఆనించాడు.

"చెప్పు మేస్త్రీ" అన్నాడు ఓబులన్న.

"తప్పు అంచులో ఉండాదన్నా. యాడుందో కనుక్కున్యా. కొత్త అంచు తెచ్చినా, ఇది లేవదు. లేస్తే అప్పుడు నన్ను అడుగు."

"అది కాదప్పా నేనడిగింది. యా పార్టీ?"

"నేను చెప్పగలిగింది అంచు సంగతొక్కటే."

ఓబులన్న మొహం మారింది. అతని వెనక మనుషులు కదిలారు. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు విరిగింది. నిజం నా గొంతులో ఉంది. అరిచేద్దామని నోరు తెరిచాను కూడా. అంతలో లోపలి నుంచి కనకమ్మవ్వ వచ్చింది. చేతిలో పసుపు గిన్నె. ఎవరి మొహమూ చూడకుండా బల్ల ముందుకు వచ్చి, నడుం పట్టుకుని వంగి, అంచు కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా నిదానంగా పసుపు పూసింది. పూసి, లేచి, పచ్చని అరచెయ్యి ఓబులన్న వైపు చాపింది.

"ఇదిగో నాయనా. ఆ అంచు లేపింది ఇది. వారం వారం పూస్తాండేది నేను. ఈ పసుపు యా పార్టీదో చెప్పి పో."

"లోపలికి పో అవ్వా, ఇది మొగోళ్ళ మాట" అన్నాడు ఓబులన్న.

"కొట్టు నా మొగుడు పెట్టింది. నేనెందుకు పోవల్ల? ఈ మేస్త్రికి నిన్ననే తెలుసు. వాళ్ళావిడ నా ఎదురుగానే కనుక్కున్యాది. నా మాట చెప్పి బయటపడొచ్చు గదా? పడలా. నీ ముందర నిలబడి కూడా చెప్పలా. నీ పార్టీలో ఒకన్ని చూపీ అట్లాంటోన్ని."

శెట్టిగారు లేచి వచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "నాకు చెప్పుంటే ఏమవుతుండెనమ్మా?" అన్నాడు. "చెప్పుంటే మాన్పిచ్చుంటావు" అంది అవ్వ. జనంలో ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఓబులన్న నవ్వలేదు. నాయన మాత్రం పట్టీ ఒకటి అందుకుని అవ్వ దగ్గరికి వెళ్ళి చూపించాడు. "ఇంక మానాల్సిన పనిల్యా అవ్వా. దీనికి మీ ఇష్టం వచ్చినంత పూసుకోండి" అన్నాడు. ఓబులన్న జీపెక్కి పోయాడు. ఏదీ తేలలేదని అప్పుడు నాకనిపించింది. సాయంత్రానికి అంచులన్నీ మారాయి.

సోమవారం నాయన జమ్మలమడుగు బయలుదేరాడు, ఆ అవతలి నాయకుని ఇంటికే. ఇంకో బల్ల మిగిలి ఉంది. అమ్మ వద్దంది. "మాటిచ్చినా" అన్నాడు. నేను కాలేజీ వంకతో వెంట వెళ్ళాను. బస్టాండులో టీ అంగడి ముందు ఓబులన్న, అతని మనుషులు నిలబడి ఉన్నారు. నేను నాయన పక్కకు జరిగాను. నాయన పెట్టె కింద పెట్టి, పొడుగు పలక బస్సు మీదికి ఎత్తబోయాడు.

"యా ఊరికి మేస్త్రీ?" అన్నాడు ఓబులన్న.

"జమ్మలమడుక్కన్నా."

"ఎవురింటికి?"

నాయన ఆ నాయకుని పేరు చెప్పాడు. గొణగలేదు, బస్టాండంతా వినపడేటట్టు చెప్పాడు. ఆ ఊళ్ళో ఆ పేరు అంత గట్టిగా పలికినవాణ్ణి నేను అంతకు ముందు చూడలేదు. ఓబులన్న తన చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టాడు. నడుచుకుంటూ వచ్చాడు. వంగి, పలక రెండో కొస పట్టుకుని పైకి లేపాడు. "ఒరే, తాడు మెత్తగా కట్టు. అంచులు చెడతాయి" అని బస్సు మీదున్న క్లీనరుకు చెప్పి, తిరిగి వెళ్ళి టీ తాగాడు.

నాకు తర్వాత తర్వాత శాలువాలు కప్పారు, సభల్లో పొగిడారు. ఆ బస్టాండులో పొంగినట్టు నా గుండె మళ్ళీ ఎప్పుడూ పొంగలేదు. ఆ తర్వాత నాయన బతికినంత కాలం, ప్రొద్దుటూరులో గానీ జమ్మలమడుగులో గానీ పులివెందులలో గానీ, ఆయన్ని ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు. ఆ ఏళ్ళలో మా వైపు ఆ ప్రశ్న పడని మగవాడు నాకు తెలిసి మా నాయన ఒక్కడే.